మధ్య తలుపు మీది మనిషి

మనిషి పాతబడితే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు గానీ, బల్ల పాతబడితే ప్రభుత్వమే రంగంలోకి దిగుతుంది. ఆ మహదాశయంతో వెలసినదే పురాతన గృహోపకరణాల పరిరక్షణ మండలి. పౌరుల ఇళ్లలోని పాత కలపను ఆ పౌరుల బారి నుంచి కాపాడటం దాని బాధ్యత. (పౌరులను మండలి బారి నుంచి కాపాడే మరో మండలి కోసం వచ్చిన ప్రతిపాదన పరిశీలనలో ఉంది.)

ఈ మండలి ఒకటున్నదని ఆపరేటరమ్మకు చాలాకాలం తెలియదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన ఆవిడను వీధంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. ఆవిడ భోజనాల గదిలో గిన్నెలు దాచుకునే నడుమెత్తు సైడ్‌బోర్డు ఒకటుంది. పాతకాలపు హోటలొకటి మూతపడినప్పుడు భర్త దాన్ని వేలంలో కొని తెచ్చాడు. నియోక్లాసికల్ శైలి అంటారట. గ్రీకు స్తంభాల్లాంటి కాళ్లు, లేతాకుపచ్చ చెక్క మీద చేత్తో వేసిన పూలదండలు, కూజాలు, తలుపుకొకరు చొప్పున కోడిగుడ్డు ఆకారపు చట్రాల్లో ఒళ్లంతా బట్ట చుట్టుకుని వాద్యాలు పట్టుకున్న దేవకన్యలు.

మధ్య తలుపు మీది కన్య మాత్రం వేలంనాటికే తడికి చెడిపోయింది. సైన్‌బోర్డులు రాసే భర్త ఆ ఖాళీలో కొత్త పెళ్లాం బొమ్మ వేశాడు. తక్కిన కన్యల చేతుల్లో వాద్యాలుంటే ఈవిడ తలకు హెడ్‌ఫోను ఉంది. "డ్యూటీలో ఉన్నప్పుడే నువ్వు మహా బావుంటావు" అనేవాడాయన. ఆయన పోయాడు. ఊళ్లో ఆయన రాసిన బోర్డులన్నీ ఊడి ప్లాస్టిక్ బోర్డులొచ్చాయి. ఆయన చేతిపని అంటూ ఈ భూమ్మీద మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే. ఆపరేటరమ్మ రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో దాని ముఖం తుడిచేది.

అంతా సవ్యంగా ఉండగా సైడ్‌బోర్డు వెనక కాలు ఊగడం మొదలుపెట్టింది. కబురు చేస్తే వడ్రంగి వచ్చాడు, చూశాడు, తీసిన సుత్తిని మళ్లీ సంచీలో పెట్టేశాడు.

"నూరేళ్లు దాటిన చెక్కకు మేకు కొట్టాలంటే మండలి పర్మిషన్ కావాలమ్మా. నాకెందుకొచ్చిన గొడవ!"

ఆపరేటరమ్మ దరఖాస్తు పెట్టింది. ఉప పరిరక్షకుడు ఆశ్చర్యకరమైన వేగంతో, అంటే ఆవిడ దరఖాస్తు సంగతి మరిచిపోయిన కొన్నాళ్లకే, భూతద్దంతో సహా వచ్చాడు.

"ఈ మధ్య బొమ్మ ఎవరు వేశారమ్మా?"

"మావారండీ. పెళ్లయిన కొత్తలో. వచ్చే వానాకాలానికి యాభై ఏళ్లు నిండుతాయి."

"అయ్యయ్యో!" ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "యాభై నిండితే కళ. నిండకపోతే మరక. నిబంధన ప్రకారం గోకించెయ్యాలి."

ఆపరేటరమ్మ గబుక్కున వెళ్లి మధ్య తలుపుకు అడ్డంగా నిలబడింది.

"మరి కాలు సంగతేంటండీ?" అంది ఆవిడ చెల్లెలు. ఎక్కడ ఏం అడగకూడదో అదే అడుగుతుందని ఆవిడకు పేరు.

"కాలు నూరేళ్లదమ్మా. ఊగే హక్కు దానికుంది" అని ఆయన సెలవు తీసుకున్నాడు.

ఆ రాత్రి ఆపరేటరమ్మ అన్నం ముట్టలేదు. తెల్లారాక మండలి ఆఫీసుకు వెళ్లి, తన ఫైలు ఎక్కడిదాకా వచ్చిందని అడిగింది. గుమాస్తా దొంతర మధ్యలోంచి ఫైలు తీసి, చూసి, "గోకుడు ఉత్తర్వుకు సంతకం కావాలి" అని చెప్పి, దాన్ని దొంతర అడుగున పెట్టాడు. అడిగినవాళ్ల ఫైలు అడుగున పెట్టడం అక్కడి ఆనవాయితీ. (అడగనివాళ్ల ఫైలు ఎవరికీ గుర్తుండదు కనుక ఇందులో పక్షపాతం లేదు.)

అంతే, ఆవిడకు దారి దొరికింది. అప్పట్నుంచి వారం వారం వెళ్లి అడిగేది. ఫైలు నాలుగు మెట్లు పైకొచ్చేసరికి మళ్లీ అడుగుకు చేరేది.

"మీ అంత ఓపిగ్గా తిరిగేవాళ్లను నేను చూళ్లేదమ్మా" అని గుమాస్తా ముచ్చటపడ్డాడు.

వానాకాలం దగ్గరపడుతుండగా పిడుగు పడింది. కొత్తగా వచ్చిన ప్రధాన పరిరక్షకుడు వేగ వారోత్సవం ప్రకటించాడు. ఆ వారంలో ఫైళ్లన్నీ తేలిపోవాలి. మొదట తేల్చవలసినవి మరకలు.

"అక్కా, ఇంక మన చేతుల్లో లేదే" అంది చెల్లెలు కళ్లొత్తుకుంటూ.

"లేకపోవడమేంటే? చేతిలో ఫోనుందిగా" అంది ఆపరేటరమ్మ.

ఎక్స్ఛేంజిలో తనతో పనిచేసి రిటైరైన వాళ్లందరినీ లైన్లోకి తీసుకుంది. ఆ వారమంతా మండలిలో ఫోను మోగుతూనే ఉంది. ఒకరు పెట్టేస్తే మరొకరు. అందరి గొంతుల్లో అదే తియ్యదనం, అందరిదీ ఒకే ప్రశ్న: "సైడ్‌బోర్డు ఫైలు ఎక్కడిదాకా వచ్చిందండీ? పర్లేదు, లైన్లో ఉంటాం." గుమాస్తా ఫైలు తీస్తూ, చెబుతూ, అడుగున పెడుతూ డస్సిపోయాడు. వారోత్సవం దిగ్విజయంగా ముగిసింది. వానలు పడ్డాయి. మరకకు యాభై నిండి, అది కళ అయింది.

మండలి బలగమంతా ఆవిడ ఇంటికి తరలివచ్చింది. సైడ్‌బోర్డు చుట్టూ తాడు కట్టి, తాకరాదని బోర్డు పెట్టి, పక్కన ఇత్తడి ఫలకం బిగించారు: "అజ్ఞాత స్త్రీ, తలపై విజయకిరీటంతో. అజ్ఞాత చిత్రకారుడు."

"అది కిరీటం కాదండీ, హెడ్‌ఫోను. వేసింది మావారు. పోయినసారి మీరే అడిగారుగా?" అంది ఆపరేటరమ్మ.

"పోయినసారి అది మరకమ్మా" అన్నాడు ఉప పరిరక్షకుడు ఓర్పుగా. "మరక ఎవరు చేశారో చెబితే చాలు, నమ్మేస్తాం. కళకైతే ఆధారాలుండాలి."

బొమ్మ దక్కింది, అదే పదివేలనుకుంది ఆపరేటరమ్మ. భర్త గీసిన గీత ఒక్కటీ చెరగలేదన్న సంతోషంతో ఆవిడకు కళ్లు నిండాయి. హడావిడిలో బొమ్మ చెంప మీద కాస్త దుమ్ము పడినట్టుంది. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుని, తాడు కింద నుంచి వంగి ముందుకెళ్లింది.

"పెద్దావిడా, కాస్త పక్కకు జరగండి" అన్నాడు మండలి ఫోటోగ్రాఫరు. "ఆవిడ ముఖానికి అడ్డొస్తున్నారు."