రాయబారి గారికి ఇంటిపేరు పెట్టాం

ఐరోపాలో ఒక్క మిత్రదేశమైనా లేని ఆఫ్రికా దేశాన్ని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ల చేపలు వాళ్లే పట్టుకోవాలి!

మా సెనెగల్‌కు ఆ కష్టం లేదు. మా మిత్రదేశం పేరు మాత్రం అడక్కండి. స్నేహితుల పేర్లు పత్రికకెక్కించడం మర్యాద కాదు. మా ఊరు జోవాల్ రేవులో నిలబడితే చాలు, వాళ్ల ఓడలు వరసగా కనిపిస్తాయి. ఊళ్లో కరెంటు పోయినా సముద్రంలో పోదు. అంత వెలుగు మా తాతలు ఎరుగుదురా?

ఈ స్నేహం వల్ల ఎన్ని సుఖాలు! ఒకప్పుడు మా మగవాళ్లు తెల్లారకముందే చలిలో వణుకుతూ పడవలెక్కేవారు. ఇప్పుడు ఎండెక్కాక లేచి, తీరిగ్గా మూడు విడతల టీ తాగి, నాలుగో విడత ఎందుకుండకూడదని ఆలోచిస్తున్నారు. పడవలు కూడా ఒడ్డునే పడుకుని కొత్త రంగులు వేయించుకుంటున్నాయి. వలలా? వాటిని ఫుట్‌బాల్ గోల్‌పోస్టులకు కట్టాం. మా ఊరి ఆట ఎంత మెరుగుపడిందో!

వంటింట్లోనూ హాయే. ఇదివరకు అన్నంలో చేపముల్లు గొంతుకడ్డుపడి పిల్లలు ఏడ్చేవారు. ఇప్పుడు పళ్లెంలో అన్నం, క్యారెట్టు, క్యాబేజీ. కళ్లు మూసుకుని తినొచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ లాభపడింది యాందె ఫాయ్. రేవు పక్కన పొయ్యిలు పెట్టి, చేపల్ని పొగబెట్టి అమ్మే మనిషి. పెళ్లయిన నాటి నుంచీ ఆ పొగలో దగ్గుతూనే ఉంది. చేపలు రావడం మానేశాక పొయ్యిలు చల్లారాయి, దగ్గు పోయింది! ఏ డాక్టరుకూ చేతకాని పని దౌత్యం చేసి చూపించింది. కానీ ఆమెకు కృతజ్ఞత ఉంటేగా? ఓడలు వెనక్కి జరగాలట. పొయ్యిలు మళ్లీ వెలగాలట!

పోయిన నెల చేపల ఒప్పందం పొడిగించే సందర్భంగా మిత్రదేశపు రాయబారిగారు స్వయంగా మా ఊరొచ్చారు. ఉత్త చేతులతో రాలేదు. స్నేహ కానుకగా ఐస్ ఫ్యాక్టరీ ఇచ్చారు. చేపలు పాడవకుండా దాచుకోవడానికట!

మా మేయరు లతీర్ జూఫ్ ముందురోజే ఆడవాళ్లను పిలిపించాడు.

"అమ్మల్లారా, రేపు అతిథి ముందు ఫిర్యాదులొద్దు. పాటలు, చప్పట్లు, అంతే. యాందె, ముఖ్యంగా నీకే చెబుతున్నా."

"నీకెందుకురా భయం, తిండిపోతు జూఫ్? నీ విందులో మాంసం ముక్కకి నేనడ్డం రానులే."

మేయరును పట్టుకుని అంత మాటా అని కంగారుపడకండి. బావామరదళ్ల సరసం ఎరిగిన మీకు వేరే చెప్పాలా? మా దగ్గర ఫాయ్ ఇంటిపేరువాళ్లకూ జూఫ్ ఇంటిపేరువాళ్లకూ అలాంటి వేళాకోళపు వరసే. దొంగా అనొచ్చు, మా ఇంటి పాలేరూ అనొచ్చు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు.

మర్నాడు సభ. పెద్ద అతిథి వస్తే మేం శాలువాతో సరిపెట్టం, ఆయనకి మా పేరే పెడతాం. మేయరు పొంగిపోతూ మైకందుకుని, ఏకంగా తన ఇంటిపేరే ఇచ్చేశాడు. "ఈ రోజు నుంచి ఈయన మావాడు. వాలీ జూఫ్!"

యాందె లేచింది. అప్పుడుగానీ మేయరుకు తను చేసిన పని తెలియలేదు.

"ఏరా వాలీ జూఫ్! చేపల దొంగా! నా పొయ్యిలార్పేసి నాకు మంచుగడ్డ తెచ్చావట్రా? మీ జూఫ్‌లంతా ఇంతే! పక్కవాళ్ల పళ్లెం ఊడ్చుకు తిని, కడుక్కోమని నీళ్లిస్తారు. తియ్, నీ ఓడలు తియ్ మా సముద్రంలోంచి!"

రేవంతా గొల్లున నవ్వింది. దుబాసీ రాయబారిగారి చెవిలో, "ఇక్కడ ఆచారమండీ. మీరు వీళ్లకు చుట్టమైపోయారు. తిరిగి తిట్టాలి," అన్నాడు. రాయబారిగారి కళ్లు చెమర్చాయి. దుబాసీని అడిగి మాట నేర్చుకుని, "నువ్వే దొంగవి!" అన్నారు ముద్దుముద్దుగా.

"సరేలే నాయనా, దొంగని నేనే," అంది యాందె. "మరి నా చేపలు నీ ఓడలోకెలా దూరాయో చూసొస్తాను, ఒక్కసారి ఎక్కించుకో!"

చప్పట్లే చప్పట్లు! రాయబారిగారు ఆమెను కౌగిలించుకుని ఫొటో దిగారు. ఆ చేత్తోనే ఒప్పందం మీద సంతకం పెట్టారు. మర్నాడు పేపర్లన్నీ రెండు దేశాల ఆత్మీయ పరిహాసం గురించి రాశాయి.

ఐస్ ఫ్యాక్టరీ కూడా బ్రహ్మాండంగా నడుస్తోంది. పిల్లలు మంచుపొడి మీద గోంగూర పువ్వుల ఎర్ర షర్బత్ పోసుకుని జుర్రుకుంటున్నారు. ఇంతకన్నా తియ్యటి స్నేహం ఎక్కడైనా ఉందా?

ఒక్కటే చిన్న లోపం. పేపర్లవాళ్లు గమనించలేదు గానీ, నేను పక్కనే ఉన్నాను. మా ఆచారంలో తిట్టిన మనిషే అందరికన్నా ముందు నవ్వాలి. ఆ రోజు రేవంతా నవ్వింది.

యాందె నవ్వలేదు.