బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తోందిలే!

పని చేసేవాడు మామూలు మనిషి. పనిని బ్యాక్‌గ్రౌండ్‌లోకి నెట్టేవాడు మహానుభావుడు! ఈ మాట మీకు మింగుడుపడకపోవచ్చు. కాస్త ఓపిక పట్టండి, నేనే మింగిస్తాను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మీ కంప్యూటర్ లోపల కెర్నల్ అనే పెద్దమనిషి ఒకడుంటాడు. ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది తేల్చేది ఆయనే. మీరు తెర మీద చూసే సినిమాకి ముందు పీట. పాత ఫైళ్లు సర్దడం, చెత్త ఊడవడం లాంటి చాకిరీకి వెనక వరుస. "ఖాళీ దొరికినప్పుడు చూద్దాంలే" అని ఆ చాకిరీని కూర్చోబెట్టగలడు కనుకే మీ సినిమా ఆగకుండా ఆడుతోంది. అంతటి పెద్దమనిషికి పదిహేనేళ్లుగా బుద్ధులు నేర్పుతున్నది ఈ అర్భకుడే!

ఇంత విద్యనూ ఆఫీసులోనే వదిలేసి వస్తే పాపం కాదూ? అందుకే ఇంట్లోనూ అమలుచేశాను. స్నానాలగదిలో కుళాయి కారుతోందా? బ్యాక్‌గ్రౌండ్! కింద బకెట్ పెట్టాం, ఆ నీళ్లతో మూడు కుండీల మొక్కలు బతుకుతున్నాయి. గోడ గడియారం ఆగిపోయిందా? బ్యాక్‌గ్రౌండ్! చుట్టాలు దాని వంక చూసి "ఇంకా నాలుగేగా" అని మరో గంట కూర్చుంటున్నారు. అల్మరా తలుపు ఊడిందా? గోడకు ఆనించాం. ఏ చొక్కా ఎక్కడుందో ఇప్పుడు అందరికీ కనిపిస్తుంది. దాపరికం లేని సంసారం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి!

ఇలా ఉండగా, మా ఆవిడ కారు నేర్పమంది.

"ఆదివారం ఒక్క గంట చాలండీ. నేర్పే స్కూళ్లు బోలెడున్నాయి, కానీ మీరు పక్కనుంటే నాకు భయం ఉండదు."

"క్యూలో పెట్టానుగా. బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తోందిలే" అన్నాను.

రెండు నెలలకోసారి గుర్తుచేసింది. అరవలేదు, అలగలేదు. ఇలాంటి పనులంటే నాకు ప్రాణం! నోరున్న పనికి ముందు పీట వేయక తప్పదు. నోరులేనిది ఎన్నాళ్లయినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. అలా ఏడాది గడిచింది.

ఒకరోజు ఆఫీసులో మా టెస్టరమ్మ, అంటే నా కోడ్‌లో తప్పులు వెతికే ఆవిడ, మొహం చిట్లించుకుని వచ్చింది.

"సార్, మీ క్యూలో ఒక చిన్న పని పదకొండు రోజులుగా కూర్చునుంది. ఒక్కసారీ వంతు రాలేదు."

"ఎవరైనా కంప్లైంట్ చేశారా?"

"పాపం, దానికి నోరెక్కడిది సార్?"

నాకు జాలేసింది. ఎంత ఎక్కువసేపు ఎదురుచూస్తే అంత ముందుకు జరపాలని అప్పటికప్పుడు పది లైన్లు రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం ఈ ఘనకార్యాన్ని మా ఆవిడకు పూసగుచ్చినట్టు వర్ణించాను.

"అయితే అరవనివాళ్లకీ వంతు వస్తుందన్నమాట! మిషన్లకేనా అండీ?" అంది.

నవ్వుతూనే అంది కాబట్టి మెచ్చుకోలు అనుకున్నాను.

నెలన్నర తర్వాత ఒక శనివారం ఉదయం కిటికీలోంచి చూస్తే కారు లేదు! చెప్పులైనా వేసుకోకుండా కిందికి పరిగెత్తాను. ఇంతలో వీధి మలుపు తిరిగి మా కారే వచ్చి, పిసరంత కుదుపు కూడా లేకుండా గేటు ముందు ఆగింది. స్టీరింగ్ దగ్గర మా ఆవిడ! పక్కన పై వాటా దర్జీ అక్క. వెనక సీట్లో మా అమ్మాయి, ఇళ్లకు చేర్చాల్సిన బట్టల మూటలు. నేను ఆఫీసు బస్సెక్కగానే రోజూ ఆ అక్క దగ్గర పాఠాలట!

"నన్ను అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగానుగా అండీ" అంది మామూలుగా.

కోపంగా అన్నా బాగుండేది. ఆమె మొదటిసారి క్లచ్ వదిలినప్పుడు పక్కనుండి కంగారుపడాల్సినవాణ్ణి నేను. నేనుంటే భయం ఉండదన్న మనిషికి, నేను లేకుండానే భయం పోయింది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందంటే ఇదే!

"నన్నూ ఒక చుట్టు తిప్పవూ?" అని బతిమాలాను.

"చోటు లేదండీ. మీది బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తోందిలెండి!"

మా అమ్మాయి పడీపడీ నవ్వింది. కారు వెళ్లిపోయింది. నేను పైకెళ్లి పానా వెతుక్కున్నాను.

ఇది జరిగి మూడు వారాలైంది. కుళాయి కారడం లేదు, గడియారం నడుస్తోంది, అల్మరాకు తలుపుంది. బ్యాక్‌గ్రౌండ్ గొప్పదన్న మాట మీద నేనిప్పటికీ నిలబడే ఉన్నాను. కాకపోతే, అందులో కూర్చున్నది మనం కాకూడదు, అంతే! నిన్న వెనక సీట్లో, రెండు మూటల మధ్య నాకూ కాస్త చోటు దొరికింది. ముందు సీటుకి నా వంతు ఎప్పుడని మాత్రం అడగలేదు. అరవనివాళ్లకీ వంతు వస్తుందని రాసింది నేనే కదండీ!