నూటికి నూరూ సూర్యుడే

ప్రెయిరీ రోజ్ వృద్ధాశ్రమానికి ఈ చలికాలం కావలసిన వేడిలో అరవై శాతాన్ని సూర్యుడే సమకూర్చగలడని మా ప్రావిన్సు ఇంధన శాఖ మంత్రివర్యులు మెర్ల్ హాల్డర్సన్ గారు నవంబరులోనే ప్రకటించారు. సూర్యుణ్ణి సంప్రదించలేదు. అంతటివారికి అంత తీరిక ఉండదు.

జనవరిలో ఆశ్రమం కేర్‌టేకర్ ఆస్టాప్ కింద్రచుక్ మీటర్లు చూసి, పన్నెండు శాతమని రాసి పంపాడు. మర్నాడే మంత్రిగారి కార్యదర్శి కోలెట్ దిగింది.

"పన్నెండేమిటయ్యా? ప్రసంగం అరవైతో అచ్చయిపోయింది!"

"వంద పాళ్ల వేడిలో పైకప్పు మీది సౌర పలకలు ఇచ్చింది పన్నెండే, మేడమ్. తక్కినదంతా గ్యాస్ బాయిలర్‌ది."

"అయితే సూర్యుడి తప్పేముంది? బాయిలరే అడ్డొస్తోంది. దాన్ని ఆపేస్తే?"

"మొత్తం వేడి పన్నెండు పాళ్లే ఉంటుంది."

"అందులో సూర్యుడి వాటా?"

ఆస్టాప్‌కు లెక్కలు వచ్చు. అదే అతడి దురదృష్టం. "పన్నెండూ, మేడమ్."

"అంటే నూటికి నూరు!" కోలెట్ కళ్లు చెమర్చాయి. అరవైతో సరిపెట్టుకోవడం మంత్రిగారి వినయమేనని ఆమెకు అప్పుడు బోధపడింది.

బాయిలర్ గదికి తాళం పడింది. తాళంచెవి రాజధానికి వెళ్లిపోయింది. బయట మైనస్ ముప్పై. ఆస్టాప్ మూడుసార్లు ఫోన్ చేసి, మూడుసార్లూ అభినందనలు అందుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం, తొంభై ఏళ్ల పెలాజియా వోజ్నీ రెండు కోట్లు తొడుక్కుని మంచం మీద కూర్చుని అతణ్ణి పిలిచింది.

"ఒరే ఆస్టాప్, గ్లాసులో నా పళ్లసెట్టు గడ్డకట్టిందిరా. ఎవణ్ణయినా తిడదామన్నా మాట తిరగట్లేదు."

"రేపు మంత్రిగారే వస్తున్నారు, అమ్మమ్మా. సభ ఇక్కడ కాదులే, ఆయనకు చలి పడదట. ఊళ్లోని యుక్రేనియన్ల సంఘం హాల్లో పెట్టారు. అక్కడ గ్యాస్ హీటరుంది."

"మరి రేపటిదాకా దేనికిరా? లే, బస్సు తియ్యి!"

మంత్రిగారు విచ్చేసేసరికి, నలభై ఒక్క మంది వృద్ధులతో ఆ హాలు అప్పటికే ఇరవై గంటలుగా నిండి ఉంది. నూరు శాతం సాధించిన ఆశ్రమాన్ని గురించి ఆయన గంటసేపు ప్రసంగించారు. జాతీయగీతం కూడా ముగిసింది. ఒక్కరూ కుర్చీ వదలలేదు.

"ఇన్నేళ్ల ప్రజాజీవితంలో ఇంతటి ఆదరణ..." మంత్రిగారు ప్రసంగం కాగితాలను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. "ఇంకా వింటారా?"

"వింటాం నాయనా," అంది పెలాజియా, హీటరు పక్కనుంచి. "ఏప్రిల్ దాకా మాట్లాడు."

మంత్రిగారు కళ్లు తుడుచుకుని, ఈ నూరు శాతం ఏర్పాటునే ప్రావిన్సులోని తక్కిన ఇరవై ఆరు ఆశ్రమాలకూ అక్కడికక్కడే మంజూరు చేశారు. ఆ తరువాత, కాస్త ఉక్కగా ఉందంటూ కోటు విప్పి కుర్చీకి తగిలించి, మళ్లీ మొదటినుంచి అందుకున్నారు.