పంచరంగిలో టార్చి యాడుంది?

ఆ ఉదయం నంద్యాల బస్టాండులో టీ తాగుతూ అజయ్ కుమార్ చేయాల్సిన పనిని మనసులో మరోసారి చెప్పుకున్నాడు. ఆళ్లగడ్డకు పోవాలి, ఫ్యాన్సీ దుకాణం సుగుణమ్మకు 'పంచరంగి' చూపించాలి, ఆర్డరు తీసుకోవాలి. పంచరంగి అరచేతిలో పట్టే ఆటల యంత్రం. ఆటలతోపాటు అందులో రేడియో, టార్చి, కెమెరా, అలారం, ఎండ ఎంతుందో చెప్పే మీటరు కూడా ఉన్నాయి. ఈసారీ ఉత్త చేతులతో తిరిగొస్తే ఇక ఉద్యోగానికి రానక్కరలేదని మేనేజరు ముందే చెప్పేశాడు.

అదే బెంచీ మీద పోటీ కంపెనీ మనిషి ఎలీషా కూర్చున్నాడు. అతను అమ్మేది 'ఊయల'. దానికి ఒక్క మీట కూడా ఉండదు. యంత్రాన్ని ఎటు వంచితే ఆట అటు నడుస్తుంది.

"ఉత్త ఆటకు ఎవరన్నా దుడ్లు ఇస్తారా ఎలీషా? జనాలకు ఒకటి కొంటే నాలుగు రావల్ల," అన్నాడు అజయ్.

"రేడియో కావల్సినోడు రేడియోనే కొనుక్కుంటాడు గదన్నా! ఆడే తీరు కొత్తగుండల్ల."

వాదన ముదిరేలోపు కోయిలకుంట్ల బస్సు కదిలింది. ఎలీషా చేతికందిన సంచి లాక్కుని పరుగెత్తాడు. సంచులు రెండూ నల్లవే.

ఆళ్లగడ్డలో సుగుణమ్మ గాజుల బేరంలో ఉంది. "చూపించప్పా బేగా," అంది తల తిప్పకుండానే.

అజయ్ సంచిలోంచి పేరు లేని అట్టపెట్టె తీసి విప్పాడు. కొత్త నమూనా నిన్ననే కొరియర్లో వచ్చింది, అతనూ ఇంకా చూడలేదు. యంత్రానికి మీటలే లేవు. అప్పుడైనా అతనికి అనుమానం రావలసింది. రాలేదు. కంపెనీవాళ్లు ఈసారి మీటలు లోపల దాచారనుకున్నాడు.

"ముందు టార్చి చూపిస్తానమ్మా," అంటూ యంత్రాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెలుగు రాలేదు గానీ తెర మీద ఒక ఎద్దులబండి బయలుదేరింది. సన్నటి గట్టు మీద పోతూ ఒక పక్కకు ఒరిగింది.

"అయ్యో, కాలవలో పడతాది! ఈపక్కకు వంచప్పా!" అంది గాజులకొచ్చినామె.

"ఉండమ్మా, రేడియో వస్తాది," అన్నాడు అజయ్ చెమటలు తుడుచుకుంటూ.

"రేడియో ఎందుకప్పా, ఆడ ఎద్దులు పోతాంటే!" అని సుగుణమ్మ యంత్రం లాక్కుంది. బండితోపాటు తానూ ఒరిగింది. ఆమెతోపాటు దుకాణంలో ఉన్నవాళ్లంతా ఒరిగారు. గాజుల పెట్టె కింద పడినా ఎవరూ చూడలేదు. బండి వంతెన దాటాక సుగుణమ్మ ఊపిరి పీల్చుకుని, "ఒక పెట్టె నిండా పంపించు," అంది.

అప్పుడే ఎలీషా ఫోన్ చేశాడు. "అన్నా, నీ సంచి నాకాడుంది. దీన్ని ఎంత వంచినా ఆట కదల్లేదు. గట్టిగా ఊపితే అలారం మోగింది. ఆపేది నాకు తెలీదు. వీధంతా పరుగో పరుగు!"

దాచిపెడదామా అని అజయ్ ఒక్క క్షణం అనుకున్నాడు గానీ, రేపు వచ్చే సరుకులో ఎద్దులు ఉండవు కదా. "అమ్మా, ఇది మాది కాదు," అన్నాడు మెల్లగా.

"మీది కాకుంటే ఎందుకు ఆడిస్తివి?"

"ఆడించలేదమ్మా. టార్చి వెతుకుతా ఉంటిని."

సుగుణమ్మకు ఏమీ అర్థం కాలేదు. "ఎవురిదైతే నాకేంది? ఎద్దులబండిదే పంపియ్యి," అంది.

అజయ్ నీరసంగా ఆ మాట ఎలీషాకు చెప్పాడు. అవతల ఎలీషా గొంతు కూడా అంతే నీరసంగా ఉంది. "ఈడ దుకాణమాయన నీదే కావాలంటాండాడన్నా. ఆ అరుపు ఇన్న రైతులు శనగచేలల్లో పందులు తోలనీకి దాన్నే అడుగుతాండారంట. ఆట మాత్రం ఒక్కడూ తెరవలేదు."

ఇద్దరూ ఆర్డర్లు మార్చుకున్నారు. కోయిలకుంట్లలో అడుగు కూడా పెట్టకుండానే అజయ్‌కి అక్కడ ఆర్డరు వచ్చింది.

ఆ సాయంత్రం మేనేజరు సంబరంగా ఫోన్ చేశాడు. "శభాష్! ఇంతకీ అక్కడి జనానికి మన ఆటల్లో ఏది నచ్చింది?"

"పందులు తోలేది సార్," అన్నాడు అజయ్.

మేనేజరు ఆఫీసు తలుపు వేసుకుని, పంచరంగిలో ఆటలన్నీ ఒక్కొక్కటే తెరుస్తూ పందిని వెతకడం మొదలుపెట్టాడు.