గుమ్మంలో బీరువా

ఆ ఉదయం లెక్కల టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. వడ్రంగి వచ్చి ఆమె గది తలుపుకు గడియ బిగిస్తాడు. ఆమె లోపల కూర్చుని కంప్యూటర్లో మొదటి ఆన్‌లైన్ పాఠం చెబుతుంది. అది నచ్చితే ఉద్యోగం ఇస్తామన్నారు. పాఠం మధ్యలో ఎవరూ తలుపు తోసుకొచ్చి తువ్వాలు ఎక్కడుందని అడక్కూడదు. ఆమె కోరిందల్లా అంతే.

ఆ గడియ కోసం ఆమె పెళ్ళైనప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. భర్త దగ్గర మాత్రం అన్నిటికీ ఒకటే మందు, అడ్జస్ట్. కూరలో ఉప్పెక్కువైతే ఇంకాస్త అన్నం కలుపుకుని అడ్జస్ట్. చుట్టాలొస్తే వాళ్ళకు మంచం, ఈవిడకు చాప, అడ్జస్ట్. బిగుతైన చొక్కా, ఆగిపోయిన గడియారం, అలిగిన అత్తగారు, అన్నీ అడ్జస్టే. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను దేనికి వాడుకుంటారో గానీ, ఈ ఇంట్లో దానికున్న అర్థాలన్నీ తిరిగి తిరిగి ఈవిడ నెత్తినే పడేవి.

వడ్రంగి గడియ పట్టుకుని లోపలికొచ్చాడో లేదో, వెనకే వ్యాను ఆగింది. అందులో ఇనప బీరువా. ఆడపడుచు కొత్తది కొనుక్కుని, పాతదాన్ని తమ్ముడికి ప్రేమగా పంపింది. ఎక్కడ పెడతారని టీచరు అడిగితే, నీ గదిలోనే అన్నాడు భర్త. గుమ్మం కొలిచారా అంటే, కొలవడమెందుకు, అడ్జస్ట్ చేద్దాం అన్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పాఠానికి వేళవుతోందని పళ్ళు నూరుకుంటూ వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది.

మనిషన్నవాడు ముందు కొలుస్తాడు, తర్వాత మోస్తాడు. ఈయన మోశాక కూడా కొలవలేదు. బీరువా పట్టకపోతే వడ్రంగి చేత తలుపు ఊడదీయించాడు. ఏటవాలుగా తిప్పితే సగం దూరి ఆగింది. ద్వారబంధం చెక్కిస్తే ఇంకో జానెడు కదిలి గట్టిగా బిగుసుకుంది. వ్యాను డ్రైవరుతో కలిసి ముగ్గురూ భుజాలానించి తోస్తే, గోడ పెచ్చులూడి ఈయన నెత్తినే పడ్డాయి. ఇక బీరువా అటు పోదు, ఇటు రాదు. ముగ్గురూ అలిసిపోయి హాల్లో కూలబడ్డారు.

లోపల టీచరుకు ఏడుపొచ్చినంత పనైంది. గడియ పెట్టమంటే తలుపే పీకేశారు.

"నా పాఠం చెడిందా, ఒక్కొక్కళ్ళ సంగతి చెబుతా," అని బీరువాకు వినిపించేలా అని, పాఠం మొదలుపెట్టింది.

భిన్నాలు మొదలయ్యాయి, అయిపోయాయి. ఎవరూ తువ్వాలు అడగలేదు. అత్తగారు మాత్ర కోసం రాలేదు. మొగుడి తల తొంగిచూడలేదు, ఆయన గొంతు కూడా ఇనుము చాటున ఎక్కడో దూరంగా గొణిగింది. కంప్యూటర్లో అవతలివాళ్ళు అక్కడికక్కడే ఉద్యోగం ఖాయం చేశారు. టీచరు బీరువా వంక మొదటిసారి ఆప్యాయంగా చూసింది. స్నానాలగది లోపలే ఉంది. బీరువా పైనున్న సందులోంచి టీ గ్లాసు కూడా చక్కగా అందింది.

సాయంత్రం వడ్రంగి పెద్ద రంపం తెచ్చాడు. ద్వారబంధం కోసేస్తే బీరువా వచ్చేస్తుందట.

"దాని జోలికెళ్ళకు బాబూ," అంది టీచరు లోపల్నుంచి. "రేపు కూడా నాకు పాఠముంది."

భర్త స్టూలెక్కి సందు దగ్గర నోరు పెట్టాడు. "మరి నేనెక్కడ పడుకోవాలి?"

"హాల్లో చాప ఉందిగా. అడ్జస్ట్ అవ్వండి."

పోనీ తలగడైనా ఇమ్మన్నాడాయన. ఆమె స్కేలు తెచ్చి సందు కొలిచి, పట్టదని చెప్పింది.