బల్ల ఫుట్‌బాల్‌లో పద్ధతిగా ఓడిపోవడం

నీటి సరఫరా కార్యాలయ ఉద్యోగుల మనోవికాసం నిమిత్తం ఒక బల్ల ఫుట్‌బాల్ కొనడమైనదని పౌరులందరికీ సంతోషంతో తెలియజేయడమైనది. కొత్త పైపుల కోసం ఉంచిన సొమ్ములోంచే కొన్నారు. పైపులు ఎలాగూ భూమిలో ఉంటాయి, వేసినా ఎవరికీ కనపడవు. బల్ల అయితే వచ్చిన ప్రతివాడికీ కనపడుతుంది.

చూడనివాళ్ల కోసం చెప్పాలి. నడుమెత్తు కాళ్ల మీద లోతైన పెట్టె. దానికి అడ్డంగా ఇనుప కడ్డీలు, కడ్డీలకు గుచ్చిన చెక్క మనుషులు. ఒక జట్టు ఎరుపు, ఒక జట్టు నీలం. బయటికి పొడుచుకొచ్చిన పిడి పట్టుకుని తిప్పితే లోపలివాళ్లు కాలు విసురుతారు, బంతి వెళ్లి ఎదుటివాడి గోల్‌లో పడాలి. పాపం, నడుములోంచి కడ్డీ దూరినవాళ్లు కదా, ఎవరు ఎటు తిప్పితే అటు తిరగడమే తప్ప సొంతంగా అడుగు వెయ్యలేరు. ఆ ఆఫీసులో ఇది ఎవరికీ వింతగా అనిపించలేదు.

బల్లను ఫిర్యాదుల హాల్లో వేశారు. కుళాయి రాలేదనీ, పైపు పగిలిందనీ చెప్పుకోవడానికి వచ్చేవాళ్ల బెంచీలను గోడవారకి నెట్టి చోటు చేశారు. దానివల్ల జనానికీ మేలే జరిగింది. ఇదివరకు ఊరికే కూర్చునేవారు, ఇప్పుడు ఆట చూస్తూ కూర్చుంటున్నారు.

బల్లతోపాటు ఒక కాగితం వచ్చింది, ఆటలో చేయకూడని పొరపాట్లు ఇవీ అని. కడ్డీని గిరగిరా తిప్పరాదు. బల్ల మీద వాలరాదు. గోల్ కాచే గోలీ పిడి వదిలేసి వేరే పని చూసుకోరాదు. బంతిని గుడ్డిగా బాదరాదు, ఆపి, చూసి, కొట్టవలెను. డైరెక్టరుగారు ప్రారంభోత్సవంనాడే ఈ పొరపాట్లన్నీ ఒక్క ఆటలో, ఏదీ మిగల్చకుండా చేసి చూపించారు. కడ్డీని బావి గిలకలా తిప్పారు. బల్ల మీద బోర్లా పడుకున్నంత పని చేశారు. గోలీని వాడి ఖర్మానికి వదిలేసి టీ తాగారు. ఆయన కొట్టిన బంతి ఎగిరి బీరువా మీద పడితే నిచ్చెన తెప్పించాల్సి వచ్చింది.

వెంటనే ఒక సంఘం కూర్చుంది. దానికి పెద్ద అవునండీగారు. ఆయన ఉద్యోగం వేరే ఏదో ఉంది గాని, పాతికేళ్లుగా ఆ ఒక్క మాటే పలుకుతూ ఉండటంతో అదే పేరైపోయింది. కాగితంలో అచ్చుతప్పులున్నాయని సంఘం తేల్చింది. గిరగిరా తిప్పడానికి ‘సంపూర్ణ భ్రమణ పద్ధతి’ అని పేరు పెట్టారు. బంతి బల్ల దాటిపోతే అది ఆటగాడి దూరదృష్టికి నిదర్శనమన్నారు. ఆపి, చూసి, కొట్టడం మాత్రం పై అధికారి కాలాన్ని హరించడం కిందికి వస్తుంది కనుక నిషేధించారు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు డైరెక్టరుగారి గోల్‌లో బంతి వెయ్యడం. దాన్ని మాత్రం ఎక్కడా రాయలేదు. కొత్తగా వచ్చిన ఇంజినీరు ఒకడు, తెలియక, ఆయన్ని ఓడించాడు. మర్నాటికల్లా ఆ కుర్రాణ్ణి ఊరి చివర పంప్‌హౌస్‌కి వేశారు. అక్కడికి వెళ్లే బస్సు మనసైతే వస్తుంది, లేకపోతే లేదు. అతను నెల తిరక్కుండా ఉద్యోగానికే దణ్ణం పెట్టేసి పోయాడు. పంప్‌హౌస్‌లో అతని కుర్చీ ఇప్పుడు నోరు తెరుచుకుని ఇంకో మనిషి కోసం చూస్తోంది.

ఆ కుర్చీని తలచుకుని మిగతావాళ్లకన్నా ఎక్కువగా వణికింది ఫిర్యాదుల గుమాస్తా. అతని భార్య ఆసుపత్రిలో నర్సు, మధ్యాహ్నం వెళ్తే రాత్రికి గాని రాదు. బడి వదిలే వేళకు పిల్లను తెచ్చుకోవాల్సింది అతనే. బడి ఆఫీసు పక్కనే కదా, ఒక్క పరుగున వెళ్లి తెచ్చి, హాల్లో ఓ మూల కూర్చోబెట్టుకుంటాడు. పంప్‌హౌస్‌కి వేస్తే ఆ పిల్ల చీకటి పడేదాకా గేటు పట్టుకుని నిలబడాలి. అంతే అతని గొడవ. ప్రమోషన్లూ బిరుదులూ అతనికి అక్కర్లేదు.

అలాంటివాడికి వార్షిక పోటీలో డైరెక్టరుగారితో ఆడే వంతు వచ్చిపడింది. తక్కినవాళ్లందరికీ ఉన్నట్టుండి జ్వరాలు తగిలాయి. గుమాస్తా జన్మలో ఆ పిడి పట్టుకుని ఎరుగడు.

“ఆట రాదంటే సంతోషించాలి గాని ఏడుస్తారేంటండీ? ఎలాగూ ఓడిపోవాలేగా” అంది భార్య, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ.

“నీకేం తెలుసే, ఓడిపోవడం కష్టమే. లెక్కల ఆఫీసరు చూడు, ఎంత నేర్పుగా ఓడతాడో. చెమట పడుతుంది, అయ్యో అంటాడు, ఒక్క గోల్ తేడాతో పోతాడు. ఊరికే ఓడితే చిన్నచూపు చూశాడంటారు, గెలిస్తే పంప్‌హౌస్. నాకు బంతి ఎటు పోతుందో కూడా తెలీదు.”

“ఇంట్లో నా దగ్గర రోజూ ఓడిపోతున్నారుగా.”

“నీ దగ్గర నేను కావాలని ఓడిపోవట్లేదు.”

“అదే చెప్తున్నా, అంత సహజంగా రావాలి.”

భోజనాల బల్ల మీద రెండు చీపురు కర్రలు పెట్టి, వాటికి బట్టలారేసే క్లిప్పులు తగిలించి, నిమ్మకాయను బంతి చేసి, ఆ ఇల్లాలు డ్యూటీకి వెళ్లేముందు రోజూ మొగుడికి ఓటమి నేర్పింది. నిమ్మకాయ నలిగింది గాని మనిషి నలగలేదు. ఓడబోతే గెలిచేవాడు, గెలవబోతే కర్ర కిందపడేది.

పోటీనాడు ఫిర్యాదుల హాలు కిటకిటలాడింది. మూడు వీధుల వాళ్లు నీళ్లు లేవని ఖాళీ బిందెలూ బకెట్లూ పట్టుకుని వచ్చి ఉన్నారు. వాళ్లను చూసి డైరెక్టరుగారి కడుపు నిండిపోయింది.

“నీరు ఎలాగైతే పల్లానికి ప్రవహిస్తుందో, క్రీడాస్ఫూర్తి అలాగే పైనుంచి కిందికి ప్రవహించాలి. ఇంతమంది పౌరులు మన ఆటకోసం పనులు మానుకుని రావడం ఈ శాఖ సాధించిన ఘనవిజయం” అన్నారాయన.

“అవునండీ” అన్నారు అవునండీగారు.

ఆట మొదలైంది. డైరెక్టరుగారు సంపూర్ణ భ్రమణం అందుకున్నారు. ఆయన గోలీ గాలిమరలా తిరిగి, కాళ్ల దగ్గరున్న బంతిని మడమతో తన్ని, తన గోల్‌లోనే వేసుకున్నాడు. గుమాస్తా పిడి ముట్టనైనా లేదు.

గుమాస్తా గుండె పంప్‌హౌస్ దాకా వెళ్లి వచ్చింది. ఈసారి తన గోలీని ఓ పక్కకి లాగేసి, రండి బాబూ అన్నట్టు గోల్ తెరిచి పెట్టాడు. డైరెక్టరుగారు ఒంట్లో సత్తువంతా పోసి బాదారు. బంతి గోల్‌కి బెత్తెడు దూరంలో చెక్కకి కొట్టుకుని, వచ్చిన దారినే అంత వేగంగానూ వెనక్కి పోయి, ఆయన గోల్‌లో పడింది. ఆ తర్వాత మరో రెండు అలాగే పడ్డాయి. ఇక లాభం లేదని గుమాస్తా తన గోల్‌లో తనే వేసుకుందామని పిడి మెలేశాడు. అది ఎదురు దిక్కుకి తిరిగింది. బంతి చక్కగా, ఎవరో దారి చూపించినట్టు వెళ్లి డైరెక్టరుగారి గోల్‌లోనే పడింది.

ఒంటికి పట్టిన చెమట మాత్రం లెక్కల ఆఫీసరుకన్నా ఎక్కువే.

సంఘం నిలబడే సమావేశమైంది. అవునండీగారు గొంతు సవరించుకున్నారు. బంతి ఎందులో పడిందన్నది అల్పుల లెక్కనీ, ఎవరి చేతిమీదుగా పడిందన్నదే అసలు లెక్కనీ ప్రకటించారు. ఆ లెక్కన డైరెక్టరుగారివి నాలుగు గోల్స్, గుమాస్తాది ఒకటి. అంత కష్టపడీ ఒక్కటే వేయగలిగిన గుమాస్తాను అందరూ జాలిగా మెచ్చుకున్నారు.

డైరెక్టరుగారు అతని భుజం తట్టారు. “ఇన్నాళ్లూ నాతో ఆడినవాళ్లంతా నటించారయ్యా. నిజంగా చేతకానివాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. పంప్‌హౌస్‌కి ఇంకెవరినైనా చూద్దాం. నువ్వు రేపట్నుంచి రోజూ ఆఫీసు వదిలాక నాతో ఆడు. ఎనిమిదింటిదాకా ఉంటాన్నేను.”

“అవునండీ” అన్నాడు గుమాస్తా. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలియలేదు. బడి వదిలే వేళ అప్పటికే దాటిపోయింది, పిల్ల గేటు పట్టుకుని నిలబడే ఉంటుంది.

హాలంతా చప్పట్లు మోగాయి. ఉద్యోగులకన్నా గోడవారనున్న బెంచీల మీదివాళ్లే గట్టిగా కొట్టారు. అందరికన్నా ముందున్న ఒక ముసలావిడ బకెట్ కాళ్లమధ్య పెట్టుకుని మరీ కొడుతోంది.

గుమాస్తా పిడి వదలకుండానే ఆవిడ వైపు వంగి మెల్లగా అన్నాడు: “అవన్నీ ఆయన గోల్‌లోనే పడ్డాయి మామ్మా.”

“కళ్లు బాగానే ఉన్నాయి నాయనా, చూశాను. మా వీధికి నీళ్లు వదలాల్సింది ఆయనేగా.” చప్పట్లు ఆపకుండానే ఆవిడ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. “నువ్వూ కొట్టు. ఊరికే నిలబడ్డం ఎవరైనా చూస్తే ఏం బాగుంటుంది?”

గుమాస్తా పిడి వదిలి కొట్టాడు.