జగదాంబ గొంతు, తవిటయ్య స్పీకరు

ఆ ఉదయం తవిటయ్య ప్లాను చాలా చిన్నది. పడవ దిగిన కవ్వళ్లను మోపెడ్ మీద వేసుకుని, పూండి నుంచి నందిగాం దాకా ఊళ్లు తిరిగి, ఎండ ముదిరేలోగా గంప ఖాళీ చేసుకురావాలి. ఐసు వేయలేదు. కవ్వళ్లు ఎవరి కోసమూ ఆగే చేపలు కావు.

కేక వేసేది మాత్రం అతను కాదు. భార్య జగదాంబ గొంతు రికార్డు చేసిన పెట్టె ఒకటి మోపెడ్ హ్యాండిల్‌కు వేలాడుతుంది. ఆ గొంతు వినబడితే ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వీధిలోకి వస్తారు. తవిటయ్య సొంతంగా అరిచిన రోజున కుక్కలు వచ్చాయి. అందుకే పెట్టెలో స్పీకరు కాలిపోగానే నిన్న పలాస పరుగెత్తి, కొత్తది తెచ్చి బిగించాడు.

దుకాణంలో రెండు చూపించారు. ఓములూ వాట్లూ రెండింటికీ ఒకటే. ఒకదాని మీద నూరు నుంచి పదివేల హెర్ట్జులని ఉంది, రెండోదాని మీద మూడు వేల నుంచి ఇరవై వేలని ఉంది. "దేనికి వాడతారండీ?" అని దుకాణదారు అడిగాడు.

"అదంతా నాకు తెల్సు గానీ, ఇరవై వేలది కట్టీ" అన్నాడు తవిటయ్య. తెలియదని ఒప్పుకోవడం అతని ఇంటావంటా లేదు.

పూండిలో బటన్ నొక్కాడు. జగదాంబ నిండు గొంతు బదులు సన్నటి కీచు బయటికొచ్చింది. ఎప్పుడూ అతని దగ్గరే కొనే పెద్దతల్లి గిన్నె కింద పెట్టేసింది.

"ఏటి తవిటయ్యా, జగదాంబ గొంతుకేటైనాది?"

స్పీకరు తప్పు కొన్నానంటే పరువు పోతుంది. "జలుబు సేసినాదిలే" అన్నాడు.

"జలుబుకి ఇలాగైపోద్దేటి? దాయకు బాబూ. ఇంట్లో అంత రోగమెట్టుకుని నువ్వు అమ్ముతుంటే, నాకెలా కొనబుద్దేత్తాది?" అని ఆవిడ ఫోను తీసింది.

తర్వాతి ఊరికి కబురు అతనికంటే ముందే చేరింది. అక్కడ జగదాంబకు మాట పడిపోయింది. ఆ పై ఊళ్లో ఆమెను వైజాగ్ తీసుకుపోతున్నారు. నందిగాంలో ఎవరో మిరియాల పొడి పొట్లం చేతిలో పెట్టారు. చేప మాత్రం ఒక్కటీ కొనలేదు. కవ్వళ్ల కళ్లు లోపలికి పోతున్నాయి. నిండు గంపతో ఇంటికి వెళితే జగదాంబ ఏమంటుందోనని తవిటయ్యకు నిజంగానే భయం వేసింది.

ఇంటికొచ్చేసరికి వాకిలి నిండా పూండి ఆడవాళ్లే. చెల్లెలిని వైజాగ్ తీసుకెళ్లడానికి టెక్కలి నుంచి జగదాంబ అన్న రమణ కారు కట్టించుకుని వచ్చాడు. మధ్యలో కూర్చుని జగదాంబ అరుస్తోంది. "నాకేటీ నేదని సెప్తన్నాను కదా!"

"రోగం ముదిరినప్పుడు ఇలాగే కాసేపు తెరిపిత్తాదమ్మా" అని పెద్దతల్లి ఓదార్చింది.

అనుమానం వచ్చి రమణ పెట్టె నొక్కాడు, విన్నాడు, విప్పి చూశాడు. "బావా, ఇది ట్వీటరు. గజ్జెలూ తాళాలూ వినబడ్డానికి పెడతారు. మనిసి గొంతు నిండుగా రావాలంటే కింద నంబరు తక్కువుండాల. నువ్వు పైదొకటే సూసినావు."

తవిటయ్య తల వంచుకున్నాడు. జగదాంబ మొగుడిని చూసింది, గంపను చూసింది, పొయ్యి వెలిగించకుండా పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్లను చూసింది.

"పలకరింపుకొచ్చి ఒట్టి సేతుల్తో ఎలిపోతారేటి? కవ్వళ్లు అట్టుకెళ్లండి."

నిక్షేపంలా ఉన్న మనిషి కోసం కళ్లు తుడుచుకున్న సిగ్గుతో ఎవరూ బేరమాడలేదు. చూస్తుండగానే గంప ఖాళీ అయింది.

సాయంత్రం స్పీకరు మార్చడానికి తవిటయ్య పలాస బయలుదేరాడు. జగదాంబ మోపెడ్ తాళం లాక్కుంది. "తొందరేటి మావా? నందిగామోళ్లు ఇంకా పలకరింపుకి రానేదు."

ఆమె గొంతు నయమవడానికి వారం పట్టింది.